డెబ్బై డిగ్రీల దగ్గర మొరాయించే మాంసం

టెక్సాస్‌లోని ఆస్టిన్‌లోనో లాక్‌హార్ట్‌లోనో పేరుమోసిన బార్బెక్యూ హోటలుకి మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే తలుపుకి ‘అయిపోయింది’ అన్న బోర్డు వేలాడుతుండటం మామూలే. బయట ఇంకా జనం నిలబడే ఉంటారు. లోపల పొయ్యి వేడిగానే ఉంటుంది, వెనక కట్టెలు గుట్టగా పేర్చి ఉంటాయి. అయినా ఇంకో వాయి వండరు, రేపు రమ్మంటారు. గిరాకీ అంటే లక్ష్యం లేక అలా చెయ్యరు. రేపు మధ్యాహ్నం అమ్మాల్సిన మాంసం ఇవాళ సాయంత్రమే పొయ్యిలోకి వెళ్ళాలి మరి.

ఐదారు కిలోల ముక్కకి పన్నెండు నుంచి పదహారు గంటలు పడుతుంది. పొయ్యి లోపల గాలి వేడి 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్, అంటే నీళ్ళు మరిగే వేడి కంటే కాస్త ఎక్కువ. మాంసం నడిమధ్యకి చేరాల్సిన వేడి సుమారు 95. ఆ మాత్రానికి రాత్రంతా ఎందుకు? ఈ ప్రశ్న తోక పట్టుకుని వెళ్తే టెక్సాస్, కరోలినా, మెంఫిస్, కాన్సస్ సిటీల మధ్య తరాలుగా నడుస్తున్న ‘మాదే అసలైన బార్బెక్యూ’ అన్న తగువు లోగుట్టు తెలుస్తుంది. జనం సాసుల పేరు చెప్పి పోట్లాడుకుంటారు గానీ, తేడా అంతా నీటిలోనూ, నిప్పుకీ మాంసానికీ మధ్య ఉంచే ఎడంలోనూ ఉంది.

ఈ వ్యాసంలో గొడ్డుమాంసం, పందిమాంసం ప్రస్తావన తప్పదు. అవి తినని పాఠకులు చాలామందే ఉంటారని తెలుసు. పొయ్యిలో పనిచేసే సూత్రాలు పొట్టేలు తొడకీ ఇవే. పైగా గొర్రె మాంసంతోనే పేరు తెచ్చుకున్న ఊరు కెంటకీలో ఒకటుంది, అక్కడికీ వెళ్తాం.

## ముదురు కండ కథ

హైదరాబాద్‌లో బార్బెక్యూ అంటే ఊచకి గుచ్చి నిప్పుల మీద కాల్చిన కబాబ్. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దాన్ని గ్రిల్ అంటారు. అక్కడ బార్బెక్యూ అన్న పేరు దక్కాలంటే తక్కువ వేడి, చాలా సమయం, కట్టెల పొగ ఉండాలి. లేత ముక్క అయితే గ్రిల్ మీదికి, ముదురు ముక్క అయితే బార్బెక్యూ గుంటలోకి.

టెక్సాస్‌కి పేరు తెచ్చిన బ్రిస్కెట్ పశువు రొమ్ము భాగంలోని కండ. పశువులకి మనకున్నట్టు మెడకింద అడ్డంగా ఎముక ఉండదు. ముందుకాళ్ళని ఒంటికి పట్టి ఉంచేవి కండరాలే. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ఆ ముందుకాళ్ళ మీదే పడుతుంది. పుట్టినప్పటినుంచీ బరువు మోసిన కండ కాబట్టి దానిలో కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ దండిగా ఉంటుంది. ఇందుకే ఒకప్పుడు ఇది చవక ముక్క. ఇప్పుడు పేరున్న చోట్ల వండిన బ్రిస్కెట్ పౌను 30 డాలర్లు దాటింది. కొవ్వు చెక్కేశాక, వండేటప్పుడు నీరూ కొవ్వూ పోయాక, కొన్న బరువులో దాదాపు సగమే పళ్ళెంలోకి వస్తుందన్నది గుర్తుంచుకుంటే ఆ ధర అంత అన్యాయంగా అనిపించదు.

కొలాజెన్‌లో మూడు ప్రొటీన్ పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. తగినంత వేడి తగినంతసేపు తగిలితే ఆ మెలిక విడిపోయి జెలటిన్‌గా మారుతుంది. పాయా చల్లారాక గిన్నెలో గడ్డకట్టేది అదే. ఈ మార్పు 60 డిగ్రీలు దాటాక మొదలవుతుంది కానీ చాలా నిదానం, 80 దాటితే గానీ ఊపందుకోదు. ఈలోపు కండ పోగులు తమ పని తాము చేసుకుపోతాయి. 55, 60 డిగ్రీల నుంచే ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి.

అందుకే 70 డిగ్రీల దగ్గర బ్రిస్కెట్‌ని కోస్తే అది అన్నివిధాలా చెడిన స్థితిలో ఉంటుంది. నీరు పోయింది, గట్టిదనం పోలేదు. నమలలేక దవడలు నొప్పెడతాయి. ఇంకా వండితే ఇంకా ఎండిపోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది వేరు. నీరు ఇంకా తగ్గినా, కరిగిన జెలటిన్, కొవ్వు పోగుల మధ్య చేరి నాలుకకి రసంలా తగులుతాయి. మనం ‘జ్యూసీగా ఉంది’ అంటున్నప్పుడు నోట్లో ఉన్నది ఎక్కువగా ఆ జిగురే.

## ముల్లు కదలని గంటలు

మొదటి మూడు నాలుగు గంటలు మాంసంలో గుచ్చిన థర్మామీటరు హుషారుగా పైకి పోతుంది. 65, 75 డిగ్రీల మధ్య ఎక్కడో ఆగిపోతుంది. నిప్పు బాగానే ఉంటుంది, పొగ బాగానే వస్తుంది, ముల్లు మాత్రం కదలదు. నాలుగు గంటలు, ఒక్కోసారి ఆరు గంటలు. వంటవాళ్ళు దీన్ని స్టాల్ అంటారు. పెరట్లో మొదటిసారి బ్రిస్కెట్ వండే మనవాళ్ళు థర్మామీటరు పాడైందనుకుని ఇంకొకటి తెచ్చుకునేదీ, కంగారుపడి కట్టెలు ఎగదోసి పైభాగం మాడ్చుకునేదీ ఇక్కడే.

కొలాజెన్ కరగడానికి వేడి ఖర్చవుతోంది కాబట్టే మాంసం వేడెక్కడం లేదని చాలాకాలం చెప్పుకున్నారు. కాదు, కొవ్వు కరగడం వల్లనన్నారు ఇంకొందరు. రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. ఒకప్పుడు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసి, బోస్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన గ్రెగ్ బ్లాండర్ అనే భౌతికశాస్త్రవేత్త వీటిని సులువైన ప్రయోగంతో తేల్చాడు. ఒక కొవ్వు ముద్ద, నీళ్ళలో తడిపిన ఒక స్పాంజి ముక్క తీసుకుని రెండిటినీ వేడిలో పెట్టాడు. కొవ్వు ముద్ద ఎక్కడా ఆగకుండా వేడెక్కుతూ పోయింది. కొలాజెనూ కొవ్వూ లేని స్పాంజి మాత్రం అచ్చం బ్రిస్కెట్ లాగే కొంతదూరం ఎక్కి ఆగిపోయింది. అంటే మాంసాన్ని ఆపుతున్నది దానిలోని నీరే.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి మట్టికుండ చాలు. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. కుండ ఒంటికున్న సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఊరి, పైపొర మీద ఆవిరవుతూ, పోతూపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ చాలు, అదే గ్రాముని ఆవిరి చెయ్యడానికి 540 దాకా కావాలి. ఇంత ఖరీదైన పని బ్రిస్కెట్ పైపొర మీద గంటల తరబడి నడుస్తుంది. పొయ్యి ఎంత వేడి అందిస్తే అంతా ఆవిరికే పోతుంది. చుట్టూ గాలి 42 కాకుండా 120 డిగ్రీల్లో ఉంది కాబట్టి, రాబడీ ఖర్చూ సరిపోయే చోటు 70 దగ్గర కుదురుతుంది.

కుండ గురించి తెలిసినవాళ్ళకి ఇంకో సంగతీ తెలుసు. అనంతపురం పొడిగాలిలో చల్లబడినట్టు కుండ విశాఖ ఉక్కపోతలో చల్లబడదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాలేదు. పొయ్యిలోనూ అంతే. మూసుకుపోయిన తేమ పొయ్యిలో మాంసం ఎక్కువ వేడి దగ్గర ఆగుతుంది, గాలి ఈడ్చుకుపోయే పొయ్యిలో తక్కువ దగ్గరే ఆగుతుంది. మొదట తడిగా ఉండే పైపొర గంటలు గడిచేకొద్దీ ఎండి, నల్లటి బెరడు కట్టి, లోపలినుంచి నీరు రావడం తగ్గాక ముల్లు మళ్ళీ కదులుతుంది. కొలాజెన్‌ని కరిగించే అసలు వేడి ఆ తరవాతే దొరుకుతుంది.

## రేకు, కాగితం, ఓపిక

ఆవిరిని ఆపితే స్టాల్ ఆగిపోతుంది. అల్యూమినియం రేకులో బిగించి చుడితే లోపల తేమ నిండి, ముల్లు వెంటనే పరుగెడుతుంది. రెండు మూడు గంటలు కలిసొస్తాయి. అయితే అంతసేపు కట్టిన బెరడు ఆవిరికి మెత్తబడిపోతుంది. ఆరోన్ ఫ్రాంక్లిన్ నడిదారి పట్టాడు. ఆస్టిన్‌లో 2009లో ఒక ట్రైలర్‌లో కొట్టు తెరిచి, 2015లో వంటవాళ్ళకిచ్చే జేమ్స్ బియర్డ్ అవార్డు దాకా వెళ్ళిన మనిషి. మాంసం కొట్లలో పొట్లాలు కట్టే మందపాటి కాగితం చుట్టడానికి అంత ప్రచారం రావడంలో అతని పాత్ర పెద్దది. కాగితం కొంత ఆవిరిని ఆపుతుంది, కొంత వదులుతుంది, కారిన కొవ్వుని పీల్చుకుని మాంసాన్ని అంటిపెట్టుకుంటుంది. బెరడు బతుకుతుంది.

లాక్‌హార్ట్‌లో 1900 నుంచి ఉన్న క్రూజ్ మార్కెట్ వాళ్ళ దారి వేరు. జర్మన్ వలసదారుల మాంసం కొట్ల సంప్రదాయం అది. ఇటుకలతో కట్టిన పొడవాటి గుంటకి ఒక చివర నేలమీదే మంట, రెండో చివర పొగగొట్టం. ఈడ్పు గట్టిది, వేడి ఎక్కువ. మాంసం చాలా తక్కువ సమయంలో అయిపోతుంది. కుటుంబంలో చీలిక వచ్చి 1999లో కొట్టు కొత్త భవనానికి మారినప్పుడు, పాత గుంటలోని నిప్పుకణికలు తొట్టెలో వేసుకుని రోడ్డు వెంట ఈడ్చుకుపోయారు. శాస్త్రం ప్రకారం ఆ కణికలకి ప్రత్యేకత ఏమీ లేదు. నేనైనా అలాగే ఈడ్చుకుపోయేవాణ్ణి.

ఇక ఎవరూ ఫొటోలు తీయని ఘట్టం ఒకటుంది. వండిన బ్రిస్కెట్‌ని 60, 65 డిగ్రీల పెట్టెలో గంటల తరబడి, కొన్నిచోట్ల రాత్రంతా దాచడం. అమెరికా ఆహార నియమాల ప్రకారం వేడిగా దాచే పదార్థం 57 డిగ్రీలకి దిగకూడదు కాబట్టి ఈ వేడి దానికి కొంచెం పైన ఉంటుంది. లోపల కొలాజెన్ ఇంకా నిదానంగా కరుగుతూ ఉంటుంది, వదులుగా ఉన్న రసం జెలటిన్‌తో చిక్కబడి కోసినప్పుడు బల్లపాలు కాకుండా ముక్కలోనే ఉంటుంది. ఒకేలాంటి కట్టె, ఒకేలాంటి పొయ్యి వాడే రెండు మంచి హోటళ్ళ మధ్య తేడా వస్తే అది ఎక్కువగా ఈ పెట్టెలోనే వస్తుందని నా అభిప్రాయం. ఒక ముక్కని వేలి మీద వేలాడేస్తే విరగకుండా వంగాలి, రెండు చివర్లూ పట్టుకుని కొద్దిగా లాగితే విడిపోవాలి. లాగినా సాగుతూ ఉంటే కొలాజెన్ ఇంకా మిగిలింది, ఎత్తగానే రాలిపోతే హద్దు దాటింది.

టెక్సాస్ మంత్లీ పత్రికలో బార్బెక్యూ కోసమే ఒక ఎడిటర్ ఉన్నారు. ఆ పత్రిక కొన్నేళ్ళకోసారి రాష్ట్రంలో మేటి 50 హోటళ్ళ జాబితా వేస్తుంది. శనివారం మాత్రమే తెరిచే స్నోస్ అనే చిన్న కొట్టు 2008లో ఆ జాబితాకెక్కి మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ నిప్పు దగ్గర నిలబడే టూట్సీ టొమానెట్జ్ 1935లో పుట్టిన పెద్దావిడ. 2024లో మిషెలిన్ గైడు కూడా టెక్సాస్ వచ్చి నాలుగు బార్బెక్యూ కొట్లకి నక్షత్రాలిచ్చింది. ఈ జాబితాలు పనికొస్తాయి గానీ, ఏ రెండు రొమ్ముకండల్లోనూ కొవ్వు ఒక్కలా ఉండదు, ఏ రెండు రాత్రుల గాలీ ఒక్కలా ఉండదు. ఒక పూట తిన్న ముక్కతో హోటలుని తీర్చేస్తే ఆ పశువుకి మార్కులు వేసినట్టే.

## గులాబీ ఉంగరం

కోసిన ముక్క అంచున అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా గులాబీ రంగు చార ఉంటుంది. పొగ అంతవరకూ దిగిందని చాలామంది నమ్ముతారు. కట్టె కాలినప్పుడు పుట్టే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులు తడి పైపొరలో కరిగి, మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌ని పట్టుకుని ఆ రంగుని నిలిపేస్తాయి. మయోగ్లోబిన్ 60 డిగ్రీలు దాటాక చెడిపోతుంది కాబట్టి ఉంగరం మొదటి గంటల్లోనే ఏర్పడాలి. దానికి రుచి లేదు. గ్యాస్ మంటతోనూ ఇది వస్తుంది, మంటలేని ఎలక్ట్రిక్ పొయ్యిలో ఎంత పొగ పెట్టినా సరిగా రాదు. హోటలుని ఉంగరం చూసి ఎంచడం దండగ.

## సర్కారు తుమ్మ చుట్టం

పొగకి రుచి ఎక్కణ్ణుంచి వస్తుంది? కట్టెకి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ వేడికి విరిగి గుయాకాల్, సిరింగాల్ అనే వాసన పదార్థాలు పుడతాయి. పొగ అనగానే ముక్కుకి తట్టేవి అవే. కట్టెలోని సెల్యులోజ్ భాగం విరిగి తీపి వాసనలనీ, బెరడుకి గోధుమ రంగునీ ఇస్తుంది. పొగ చల్లటి తడి ఉపరితలాలకి బాగా అంటుకుంటుంది, అందుకే రుచి ఎక్కువగా తొలి గంటల్లోనే పడుతుంది. నిప్పు బాగా మండితే పొగ పలచగా నీలిరంగులో ఉంటుంది, ఎందుకంటే దానిలోని కణాలు నీలికాంతిని చెదరగొట్టేంత చిన్నవి. గాలి చాలక కుమిలితే కణాలు పెద్దవై పొగ తెల్లగా, దట్టంగా వస్తుంది, మాంసం చేదెక్కుతుంది. దట్టంగా పొగ లేస్తున్న కొట్టుని చూసి నోరూరాల్సిన పనిలేదు.

ఏ ఊళ్ళో ఏ చెట్టుంటే ఆ ఊరిది ఆ రుచి. నడి టెక్సాస్‌లో పోస్ట్ ఓక్, మెంఫిస్, కరోలినాల వైపు హికరీ, ఓక్. టెక్సాస్ పడమటి మెట్టల్లో మెస్కీట్. ఈ మెస్కీట్ మనకి పరాయిది కాదు, మన చెరువు గట్లని ఆక్రమించిన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం. సర్కారు తుమ్మ బొగ్గు మన దగ్గర కబాబ్ పొయ్యిల్లోకి పోయినట్టే, అక్కడ మెస్కీట్‌ని ముందు కణికలుగా కాల్చి ఆ కణికల మీద మాంసం వండుతారు. లానో అనే ఊళ్ళోని కూపర్స్ ఈ పద్ధతికి పేరుపడింది. మెస్కీట్ చాలా వేడిగా మండుతుంది, పొగ ఘాటు. పదహారు గంటలు ఆ పొగే పెడితే నోట్లో పెట్టుకోలేం. కట్టె గుణాన్ని బట్టి వంట పద్ధతి మారిందన్నమాట.

## కరోలినాలో పొగ కొవ్వుది

నార్త్ కరోలినా తూర్పు భాగంలో పందిని మొత్తంగా వండుతారు. ఏడెన్ అనే చిన్న ఊళ్ళో 1947 నుంచి ఉన్న స్కైలైట్ ఇన్‌లో ఈ పద్ధతి చూడొచ్చు. కట్టెల్ని వేరే చోట కాల్చి, మంట పోయి కణికలయ్యాక పారతో తెచ్చి పంది కింద పరుస్తారు. కట్టె పొగలో చాలా భాగం అప్పటికే పోయింది. అయినా రుచి వస్తుంది, ఎలా? కరిగిన కొవ్వు బొట్టుబొట్టుగా కణికల మీద పడి, చిటచిటమని ఆవిరై, తిరిగి మాంసానికే అంటుతుంది. టెక్సాస్ మాంసానికి కట్టె వాసన, కరోలినా మాంసానికి దాని కొవ్వు వాసనే. (కొవ్వు నిప్పు మీద పడినప్పుడు పుట్టే కొన్ని హైడ్రోకార్బన్లు కాన్సర్ కారకాలు. పక్కన మంట పెట్టి వండే టెక్సాస్ పద్ధతిలో ఈ బెడద తక్కువ.) ఈ గుంటల దగ్గర రాత్రుళ్ళు మేలుకుని ఈ విద్యని పెంచినవాళ్ళు బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికన్లూ, వాళ్ళ సంతతీ. రెస్టారెంట్ల చరిత్రలో వాళ్ళ పేర్లు ఆలస్యంగా చేరాయి.

పంది మొత్తం వండాక తొడ, బొజ్జ, భుజం కలిపి తరుగుతారు. స్కైలైట్ ఇన్‌లో కరకరలాడే చర్మం కూడా అందులోనే కలుస్తుంది. అంత కొవ్వుకి పులుపు కావాలి కాబట్టి వెనిగర్, మిరప. ఆ సాసు నీళ్ళలా పలచన, తరిగిన ముక్కల్లోకి ఇట్టే దిగిపోతుంది. పడమటికి వెళ్తే లెక్సింగ్టన్‌లో భుజం ముక్క మాత్రమే, వెనిగర్‌లో కాస్త టమాటా. సౌత్ కరోలినాలో జర్మన్ వలసల ఆవపిండి సాసు. అలబామాలో బిగ్ బాబ్ గిబ్సన్ 1925లో మొదలుపెట్టిన కొట్టులో కోడికి మయొనైజ్‌తో తెల్ల సాసు.

కాన్సస్ సిటీలో టమాటా, బెల్లపు మడ్డి కలిసిన చిక్కటి తీపి సాసు. అక్కడ ఈ వ్యాపారానికి ఆద్యుడు హెన్రీ పెర్రీ, 1900ల తొలి దశకంలో మాంసం న్యూస్‌పేపర్లో చుట్టి అమ్మిన నల్లజాతీయుడు. చక్కెర తొందరగా మాడుతుంది కనక ఇలాంటి సాసుని చివర్లోనే పూయాలి, లేదా పళ్ళెంలో వెయ్యాలి. మెంఫిస్‌లో 1948లో మొదలైన రెండెవూ వాళ్ళు పక్కటెముకల మీద పొడి మసాలాయే చల్లుతారు.

## ఓవెన్స్‌బరో గొర్రె

కెంటకీలో ఒహాయో నది ఒడ్డున ఓవెన్స్‌బరో ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఉన్ని కోసం గొర్రెల్ని పెంచిన ప్రాంతం. ఉన్ని ఇవ్వడం తగ్గిన ముసలి గొర్రెల్ని ఏం చెయ్యాలన్న ప్రశ్నకి జవాబుగా ఇక్కడి బార్బెక్యూ పుట్టింది. జంతువు వయసు పెరిగేకొద్దీ కొలాజెన్ పోగుల మధ్య అడ్డుముళ్ళు పడతాయి, అవి తేలికగా విడిపోవు. ముసలి గొర్రె రాత్రంతా హికరీ నిప్పు మీద ఉండక తప్పదు. నీచు వాసన సమస్య కూడా ఉంది. గొర్రె కొవ్వులో ఉండే కొన్ని ప్రత్యేకమైన కొవ్వు ఆమ్లాల వల్ల అది వస్తుంది, వయసుతో పెరుగుతుంది. నిదానపు వంటలో కొవ్వు చాలావరకు కారిపోతుంది, మిగిలినదాన్ని లొంగదీయడానికి వెనిగర్, వూస్టర్‌షైర్ సాస్ కలిపిన నల్లటి ద్రవం పూస్తూ ఉంటారు. మూన్‌లైట్ అనే హోటల్లో బఫే బల్ల మీదే ఈ మటన్ దొరుకుతుంది. టెక్సాస్ నుంచి చాలా దూరమే, కానీ గొడ్డూ పందీ తినని తెలుగువాళ్ళు అమెరికా బార్బెక్యూ అసలు రుచి చూడాలంటే నేను పంపేది అక్కడికే.

## మసాలా ఎంత లోతుకి దిగుతుంది?

మనం మాంసానికి మసాలా పట్టించి రాత్రంతా ఉంచుతాం, లోపలిదాకా పడుతుందని. లోపలికి చెప్పుకోదగ్గంత దూరం వెళ్ళేది ఉప్పు ఒక్కటే. దాని అయాన్లు చిన్నవి, మాంసంలోని నీటిలో కరిగి నెమ్మదిగా ప్రయాణిస్తాయి. మిరియం, మిరప, ధనియాలకి రుచినిచ్చే అణువులు పెద్దవి, ఎక్కువగా నూనెలో కరిగేవి, పైన కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోతాయి. నడి టెక్సాస్‌లో ఉప్పు, మిరియాల పలుకులు తప్ప ఇంకేమీ వెయ్యకపోవడం అందుకే సరిపోతుంది. లోపలి రుచి ఉప్పూ జెలటిన్ చూసుకుంటాయి, మిగతా పనంతా బెరడుది.

పైపొరలోనే ప్రాంతం పేరు రాసి ఉంటే, ఆ పైపొర మార్చి కొత్త ప్రాంతాన్ని తయారు చెయ్యొచ్చు. ఇప్పుడు టెక్సాస్‌లో జరుగుతున్నది అదే. ఆస్టిన్‌లో కేజీ బీబీక్యూ ఈజిప్టు మసాలాలతో వండుతుంది, ఫోర్ట్‌వర్త్‌లో సబర్ పాకిస్తానీ రుచులతో. కింద పోస్ట్ ఓక్ నిప్పు, స్టాల్, వేడి పెట్టె మారలేదు.

డాలస్ శివార్లలో పెరట్లో పొయ్యి పెట్టుకున్న మనవాళ్ళు గరం మసాలాతో ఇదే ప్రయత్నం చేస్తే ఒక చిక్కు వస్తుంది. యాలకులు, లవంగాలు, ధనియాల సువాసన తేలిగ్గా ఆవిరైపోయేది, పన్నెండు గంటల వేడికి నిలవదు. మెంతిపొడి మాడితే చేదు. బరకగా దంచిన మిరియం తట్టుకుంటుంది, ఎండుమిరప కొంతవరకు తట్టుకుంటుంది. కాబట్టి పొయ్యిలోకి వెళ్ళేముందు ఉప్పు, మిరియం, కాస్త మిరప చాలు. గరం మసాలా, వేయించి దంచిన ధనియాలు, నిమ్మరసం మాత్రం మాంసం తరిగాక, ఏడెన్‌లో వెనిగర్ కలిపినట్టు, వడ్డించే ముందు బల్ల మీదే కలుపుకోవాలి.